మెతుకు తగిలితే చాలు పాప ఓకరిస్తోంది... గొంతులో లోపమా?

ప్రశ్న: నమస్తే మేడం. మాది నర్సంపేట. మా పాపకు ఎనిమిదిన్నర నెలలు. 35 వారాలకే పుట్టింది. పుట్టాక తొమ్మిది రోజులు ఆసుపత్రిలోనే ఉంచారు, మొదట్లో ముక్కులోంచి పైపు వేసి పాలు పట్టించారు. తర్వాత నా పాలు బాగానే తాగింది. బరువు కూడా బాగా పెరుగుతోందని డాక్టర్ గారు అన్నారు. ఆరో నెల దాటాక అన్నం ముట్టించాం. పప్పన్నం మిక్సీలో వేసి జావలా చేసి పెడితే గటగటా మింగుతుంది. అందులో ఒక్క మెతుకు తగిలినా నాలుక బయటపెట్టి ఓకరిస్తుంది, ముఖం ఎర్రబడుతుంది. పోయిన వారం ఇడ్లీ ముక్క పెడితే అట్లాగే చేసి తిన్నదంతా కక్కింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మా అత్తమ్మ "దాని గొంతు చిన్నగున్నది, ఏడాది దాటేదాక మిక్సీ పట్టే పెట్టు" అంటుంది. రోజూ స్నానం అయ్యాక కాళ్ల మీద పడుకోబెట్టుకుని ఆముదమో, ఉగ్గో పోస్తుంది. మా ఆడబిడ్డ కొడుకు ఇదే వయసులో రొట్టె ముక్క నమిలేవాడట. మా పాప గొంతులో ఏమన్నా లోపం ఉందా? బతుకమ్మకు మా అమ్మగారింటికి పోవాలి. అక్కడ తలా ఒకటి నోట్లో పెడతారని ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, నర్సంపేట

సమాధానం: మీ ఉత్తరంలో ఇడ్లీ ముక్క కంటే ముందు నా కన్ను పడింది "35 వారాలకే పుట్టింది" అన్న మాట మీద. అక్కణ్నుంచే మొదలుపెడదామమ్మా.

నిండు నెలలంటే 40 వారాలు. మీ పాప ఐదు వారాలు ముందే వచ్చేసింది. అట్లా నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఎదుగుదల చూసేటప్పుడు, ముందొచ్చిన ఆ వారాలను వయసులోంచి తీసేసి లెక్క కట్టాలి. రెండేళ్లు వచ్చేదాకా డాక్టర్లు కూడా అట్లాగే చూస్తారు. ఎనిమిదిన్నర నెలలంటే సుమారు 37 వారాలు. అందులోంచి 5 తీసేస్తే 32. అంటే తినడం, కూర్చోవడం, పాకడం లాంటి విషయాల్లో మీ పాప ఇప్పుడు ఏడు నెలలు దాటిన పిల్ల. మీ ఆడబిడ్డ కొడుకు నెలలు నిండి పుట్టి ఉంటే వాడితో ఈ పిల్లను పోల్చడమే సరికాదు. ఈ వయసులో ఒక్క నెలలో నోరు నేర్చుకునేది చాలా ఉంటుంది. టీకాలకు మాత్రం ఈ లెక్క పనికిరాదు, అవి పుట్టిన తేదీని బట్టే వేయించాలి.

నేను స్పీచ్ థెరపిస్టును. హనుమకొండలో చాలా ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. మాటలు నేర్పే మనిషికి మింగడంతో ఏం పని అని చాలామంది అడుగుతారు. మాటకూ ముద్దకూ కావలసినవి అవే పెదవులు, అదే నాలుక, అదే దవడ, అదే గొంతు. అందుకే పాలు తాగలేని పిల్లలను, ముద్ద మింగలేని పిల్లలను కూడా మా దగ్గరికే పంపిస్తారు. పాపను కళ్లతో చూడకుండా నేను పూర్తి హామీ ఇవ్వలేను. కానీ మీరు రాసినదాన్ని బట్టి గొంతులో లోపం ఉన్నట్టు నాకు అనిపించడం లేదు. పాలు తాగుతోంది, జావ మింగుతోంది, బరువు పెరుగుతోంది. నరాలు, కండరాలు సరిగ్గా పనిచేయక మింగలేకపోయే పిల్లలకు సాధారణంగా ముందు ఇబ్బంది పెట్టేవి పల్చటి పాలు, నీళ్లే. అవి ఊపిరి దారిలోకి సులువుగా జారిపోతాయి కాబట్టి. మీ పాపకు అక్కడ ఏ చిక్కూ లేదు.

మరి మెతుకు దగ్గర ఏమవుతోంది? ఇది అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

గుటక వేయడం బిడ్డ కడుపులోనే నేర్చుకుంటుంది. 12, 13 వారాలు వచ్చేసరికే ఉమ్మనీరు మింగడం మొదలవుతుంది. నెలలు నిండేసరికి రోజుకు అరలీటరుకు పైగా మింగుతుంది. కానీ బయటికొచ్చాక పాలు తాగాలంటే గుటక ఒక్కటీ చాలదు. చీకాలి, మింగాలి, మధ్యలో ఊపిరి తీసుకోవాలి. మూడూ తాళం తప్పకుండా కలవాలి. ఆ తాళం 34వ వారం దగ్గర కుదరడం మొదలై, ఆ తర్వాత మూడు నాలుగు వారాల్లో గట్టిపడుతుంది. మీ పాప సరిగ్గా ఆ గడప మీద ఉండగా పుట్టింది. పైపు వేసింది అందుకే. అందులో మీ తప్పేమీ లేదు, పాపలో లోపమూ లేదు.

ఇప్పుడు పాప మీ దగ్గర పాలు తాగేటప్పుడు ఒకసారి చెవి దగ్గర పెట్టి వినండి. మొదట గబగబా చీకుతుంది. పాలు చేపుకొచ్చాక వేగం తగ్గి, సెకనుకు ఒకటి చొప్పున చీకుడు, గుటక, చిన్న ఊపిరి వరుసగా వినిపిస్తాయి. ఈ పని కోసమే చంటిపిల్లల నోరు తయారై ఉంటుంది. నాలుక నోటి నిండా ఉంటుంది. బుగ్గల్లో చిన్న దిండ్ల లాంటి కొవ్వు ఉంటుంది. స్వరపేటిక మన గొంతులో కంటే బాగా పైన ఉంటుంది. మొదటి నాలుగు నెలల్లో చెంప తాకితే నోరు అటు తిరుగుతుంది, చనుమొన తగిలితే చీకడం దానంతట అదే మొదలవుతుంది. పాలు తాగడం పుట్టుకతో వచ్చిన విద్య, ఎవరూ నేర్పక్కర్లేదు. బువ్వ తినడం మాత్రం ఒక్కో ముద్దతో నేర్చుకోవాల్సిందే.

ఎంత నేర్చుకోవాలో తెలియాలంటే మీరొక పని చేయండి. నానిన అటుకులు రెండు నోట్లో వేసుకుని, వెంటనే మింగకుండా, మీ నాలుక ఏం చేస్తుందో గమనించండి. నాలుక కొస అటుకును పక్కకు తోస్తుంది. పళ్లు నలుపుతాయి. జారిపోయినదాన్ని నాలుక మళ్లీ పళ్ల కిందికి తెస్తుంది. బుగ్గ లోపలినుంచి అడ్డం పడుతుంది. నలిగినదంతా కూడగట్టి, ముద్ద చేసి, నాలుక వెనక్కి నెట్టాక అప్పుడు గుటక. మనకు ఇది పనిలా కూడా అనిపించదు. మొన్నమొన్నటిదాకా నాలుకను ముందుకూ వెనక్కూ ఆడించడం తప్ప ఏమీ ఎరగని పిల్లకు మాత్రం ఇందులో ప్రతి మెట్టూ కొత్తదే.

నాలుగు నుంచి ఆరు నెలల మధ్య, నోట్లో పెట్టిందల్లా నాలుకతో బయటికి తోసే అలవాటు తగ్గిపోతుంది. ఆరు, ఏడు నెలలప్పుడు దవడ కిందికీ పైకీ ఆడుతుంది. బోసినోటితో నమిలినట్టు కనిపిస్తుంది గానీ అది చిగుళ్లతో నొక్కడమే. ఎనిమిది, తొమ్మిది నెలలు వచ్చేసరికి నాలుక పక్కలకు తిరగడం నేర్చుకుంటుంది. నమలడం అన్న మాటకు అసలు అర్థం అక్కడే మొదలవుతుంది. దవడను గుండ్రంగా తిప్పుతూ నలపడం ఏడాది దగ్గర కనిపించి, పూర్తిగా కుదరడానికి రెండు మూడేళ్లు పడుతుంది. మీ పాప నొక్కడం నేర్చుకుంది, పక్కలకు తిప్పడం దగ్గర ఉంది. సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది.

ఇక ఓకరింపు. మనకు వేలు కొండనాలుక దాకా పోతే గానీ డోకు రాదు. చంటిపిల్లలకు నాలుక మధ్యలో, ఒక్కోసారి ఇంకా ముందర ఏదైనా కొత్తది తగిలినా వస్తుంది. అది గొంతుకు కాపలా. నలగని ముక్క వెనక్కి జారకుండా, నాలుక దాన్ని ముందుకు తోసేస్తుంది. మీరు చూసిన ఎర్రటి ముఖం, బయటికొచ్చిన నాలుక, కళ్లలో నీళ్లు అన్నీ ఆ కాపలా పనిచేస్తోందనే చెబుతున్నాయి. తాను వేళ్లు చప్పరిస్తూ, బొమ్మలు నోట్లో పెట్టుకుంటూ, పలుకుపలుకుగా ఉన్న తిండి రుచి చూస్తూ ఉంటే, ఆ డోకు వచ్చే చోటు కొద్దికొద్దిగా వెనక్కి జరుగుతుంది. తొమ్మిది నెలల ప్రాంతానికి చాలామంది పిల్లల్లో వెనక్కి వెళ్లిపోతుంది. ఏదీ తగలనివ్వకపోతే అది ఉన్నచోటే ఉంటుంది. నెలల తరబడి మిక్సీ పట్టి పెడితే జరిగేది ఇదే. మిక్సీ జావను నాలుక పాల లాగే మింగేస్తుంది, కొత్తగా ఏమీ నేర్చుకోదు.

పైపుతో పాలు తాగిన పిల్లల్లో కొందరికి నోరు, గొంతు కొంచెం ఎక్కువ సున్నితంగా ఉంటాయి. నోటి దగ్గరికి ఏదైనా వస్తే ఇష్టంలేని పని జరుగుతుందన్న గుర్తు ఆ ఒంటికి మిగిలి ఉంటుంది. అందుకే మీ పాపకు బలవంతంగా పెట్టడం అస్సలు కూడదు. కానీ బలవంతం వద్దంటే మిక్సీతోనే సరిపెట్టమని కాదు.

నా కొడుకు విషయంలో నేను చేసిన తప్పు మీకు చెప్పాలి. వాడికి ఎనిమిదో నెలలో బంగాళాదుంప ముక్క పెడితే ఇట్లాగే ఓకరించి కక్కాడు. అప్పటికి నేను ఈ చదువులోకి రాలేదు. భయపడిపోయి పద్నాలుగో నెల దాకా అన్నీ మెత్తగా చేసే పెట్టాను. నాలుగేళ్లు వచ్చినా వాడు పెరుగన్నంలో కరివేపాకు తగిలితే కంచం పక్కన పెట్టేసేవాడు. పెళ్లిళ్లకు పోయినా వాడి కోసం డబ్బాలో వేరే అన్నం పట్టుకుపోయేదాన్ని. ఆ ఒక్క సాయంత్రం నా భయం వాడి నాలుగేళ్ల తిండిని మార్చేసిందని ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఇంగ్లండ్‌లోని ఎవన్ ప్రాంతంలో 1991, 92లో పుట్టిన వేలాది పిల్లలను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చారు. పదో నెల దాటాక గానీ పలుకుపలుకుగా ఉన్న తిండి ఎరగని పిల్లలు, పదిహేనో నెలలో తిండి దగ్గర ఎక్కువ పేచీ పెట్టారని అందులో తేలింది. ముందునుంచే తినడానికి ఇబ్బందిపడే పిల్లలకే తల్లులు ఆలస్యంగా పెట్టి ఉండొచ్చు, అది కూడా నిజమే. అయినా ఇన్నేళ్లలో నేను చూసినదీ దాంతో సరిపోతుంది. అందుకే ఏడాది దాకా ఆగమన్న అత్తమ్మ మాట మాత్రం వినొద్దంటాను. ఇప్పుడే మొదలుపెట్టండి.

ఎట్లా మొదలుపెట్టాలి? మిక్సీ పక్కన పెట్టి పప్పుగుత్తి తీయండి. బియ్యం, పెసరపప్పు కలిపి బాగా మెత్తగా ఉడికించి, ఒక నెయ్యి చుక్క వేసి పప్పుగుత్తితో మెదపండి. చెంచా వంచితే టక్కున జారిపోకుండా నిలిచేంత గట్టిగా ఉండాలి. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. పల్చటి పప్పుకట్టులో మెతుకులు తేలుతుండగా పెడతారు. నీళ్లు ఒకవైపు జారిపోతుంటే మెతుకును ఇంకోవైపు పట్టుకోవాలంటే ఆ చిన్న నాలుకకు అన్నిటికంటే కష్టమైన పని అదే. మిక్సీ జావలో ఎక్కడో దాగిన ఒక్క మెతుకుకు మీ పాప ఉలిక్కిపడేదీ అందుకే. అంతా ఒకే తీరుగా, గట్టిగా, మెత్తటి చిన్న పలుకులతో ఉంటే నాలుకకు ముందే తెలుస్తుంది. నాలుగైదు రోజులు అట్లా పెట్టి, కుదిరాక పప్పుగుత్తి కూడా మాని వేళ్లతో మెదపండి. మన అమ్మమ్మలు బొటనవేలితో కంచం అంచుకు నొక్కి నలిపి పెట్టేవాళ్లే, దాన్ని మించిన పద్ధతి నాకు తెలియదు. జొన్న గటక కూడా ఇట్లాగే మంచిది. మెత్తగా ఉడికి, గట్టిగా, కొంచెం గరుగ్గా ఉంటుంది. శివరాత్రి ఉపవాసానికి తినే కందగడ్డ (చిలగడదుంప), బాగా పండిన అరటిపండు, ఉడికిన గుడ్డు పచ్చసొన తల్లిపాలతో మెదిపి... ఇవన్నీ వేళ్లతో నలిగేవే. రెండు వేళ్ల మధ్య నొక్కితే సులువుగా నలిగిపోవాలి. మీ వేళ్లకు లొంగనిది పాప చిగుళ్లకు లొంగదు.

అంగన్‌వాడీలో ఏడో నెల నుంచి ఇచ్చే బాలామృతం తెచ్చుకుంటున్నారా? తెచ్చుకోండి, కానీ దాన్ని కూడా సీసాలో పట్టేంత పల్చగా కలపొద్దు. అందులో పంచదార ముందే ఉంటుంది, పైనుంచి వేయొద్దు. ఇంటి అన్నంలో ఏడాది దాకా ఉప్పు, చక్కెర, బెల్లం ఏవీ వద్దు. కూరలో ఉప్పుకారం వేయకముందే పాపకు కావలసినంత పక్కకు తీసి పెట్టుకుంటే పని సులువవుతుంది. తేనె ఏడాది దాకా నాకించను కూడా నాకించొద్దు. అందులో ఉండే ఒక రకం సూక్ష్మజీవి చంటిపిల్లల పేగుల్లో పెరిగి కండరాలను చచ్చుబడేట్టు చేయగలదు.

కూర్చోబెట్టే తీరు గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే సగం సమస్య అక్కడే తీరుతుంది. మీరే తల పూర్తిగా వెనక్కి వాల్చి ఒక గుటక మంచినీళ్లు మింగడానికి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది. పాపను ఒళ్లో నిటారుగా, నడుముకు ఆసరా ఇచ్చి, మీ ముఖం కనిపించేలా కూర్చోబెట్టండి. గడ్డం కొంచెం కిందికే ఉండాలి. చెంచాను పైనుంచి కాకుండా పాప నోటి ఎత్తులో ఎదురుగా తీసుకురండి. నోరు తెరిచాక నాలుక మధ్యలో చెంచా పెట్టి మెల్లగా ఒత్తి, ఆగండి. పై పెదవి దానంతటది దిగొచ్చి చెంచాను తుడుచుకుంటుంది. ఆ పెదవి దిగే క్షణం కోసం ఆగలేక మనం చెంచాను పై చిగురుకు రాసి బయటికి లాగేస్తాం. అట్లా చేస్తే పెదవి ఎప్పటికీ పని నేర్చుకోదు. ఒక ముద్ద మింగాక, నోరు ఖాళీ అయ్యాకే ఇంకో ముద్ద.

రెండు మూడు రోజులకోసారి, మీ చిటికెన వేలంత మందం మెత్తటి కందగడ్డ ముక్కను పాప నోటి మధ్యలో కాకుండా పక్క చిగుళ్ల మీద పెట్టి, మీరే పట్టుకుని ఉండండి. చిగుళ్లతో నొక్కుతుంది, నాలుక అటువైపు వెతుక్కుంటూ వెళ్తుంది. నమలడానికి మొదటి పాఠం ఇదే. మొన్న ఒక ఏడు నెలల బాబుకు ఇట్లాగే పెట్టి చూశాను. నాలుక కొస మూడుసార్లు ముందుకే వచ్చింది. నాలుగోసారి ఎడమకు తిరిగి ముక్కను తాకింది. బాబు ఒక్కసారి ఆగిపోయి, కళ్లు పెద్దవి చేసి వాళ్లమ్మ వైపు చూశాడు. తర్వాత గబగబా అటే పోయాడు. వాడి నాలుకకు నోట్లో పక్కలుంటాయని ఆ రోజే తెలిసింది.

ఓకరిస్తే మీరు కంగారుపడి ముఖం మార్చుకోవద్దు, వెంటనే ఎత్తుకుని వీపు మీద కొట్టొద్దు. కొంచెం ముందుకు వంచి, నెమ్మదిగా "ఏం కాలేదు తల్లీ" అంటూ తనంతట తాను తోసేసుకోనివ్వండి. తిన్నది కక్కినా ఆ పూట అక్కడితో ఆపి, మరునాడు మళ్లీ అదే పెట్టండి. పాలు తాగిన వెంటనే పెట్టొద్దు, నిండు కడుపుతో డోకు తొందరగా వాంతి అవుతుంది. యూట్యూబ్ చూపిస్తూ పెట్టొద్దు, నోట్లో ఏముందో పిల్లకు తెలియాలి కదా. మీరూ పక్కన కూర్చుని అదే అన్నం తినండి. నీళ్లు కాచి చల్లార్చి, చిన్న స్టీలు గ్లాసుతో ఒక్కో గుక్క తాగించండి. ఒలికిపోనివ్వండి. సీసాలూ సిప్పర్లూ అవసరం లేదు. మీ పాలు రెండేళ్ల దాకా, ఆ తర్వాత కూడా ఇవ్వొచ్చు. ఇప్పుడు రోజుకు రెండు మూడుసార్లు అన్నం చాలు. నిజమైన లెక్కలో, అంటే ఆ ఐదు వారాలు తీసేసిన వయసులో, తొమ్మిది నెలలు వచ్చాక మూడు నాలుగుసార్లు చేయండి.

ఆముదం గురించి గట్టిగా చెప్పక తప్పదు. అత్తమ్మ ప్రేమ మీద నాకు అనుమానం లేదు. ఆమెకు తెలిసిన పద్ధతి అది. ఉగ్గుగిన్నెను కూడా నేను తప్పుపట్టను. నెలలు నిండని పిల్లలకు ఆసుపత్రుల్లో పాలు పట్టే పలాడై అచ్చంగా దాని అక్కచెల్లెలే. తప్పు ఎక్కడంటే కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఏడుస్తున్న పిల్ల నోట్లో పోయడం దగ్గర. ఏడ్చే పిల్ల గట్టిగా ఊపిరి పీలుస్తుంది, పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్లయితే దగ్గి బయటికి తోసేయగలదు. నూనె అట్లా కాదు, దగ్గు కూడా సరిగ్గా రానివ్వకుండా నిశ్శబ్దంగా లోపలికి జారి అక్కడే ఉండిపోతుంది. దానివల్ల వచ్చే నిమోనియా మామూలు మందులకు తొందరగా లొంగదు. ఐదు నెలల బాబు ఒకడు మూడుసార్లు నిమోనియాతో ఆసుపత్రిలో చేరాక మా దగ్గరికొచ్చాడు. పాలు చక్కగానే తాగేవాడు. ఇంట్లో ఏమేం పోస్తారని అడిగితే, వాళ్ల నాయనమ్మ రోజూ స్నానం తర్వాత ఒక చెంచా ఆముదం అని చెప్పి, నా ముఖం చూసి తానే ఏడ్చేసింది. ఆముదం మానేశాక, చికిత్స అయ్యాక ఆ బాబు కోలుకున్నాడు. మీ అత్తమ్మకు ఈ మాట నేను చెప్పానని చెప్పండి. నోట్లో ఆముదం, నెయ్యి, గ్రైప్ వాటర్ పోయడం, వస అరగదీసి పోయడం ఏవీ వద్దు. ఉగ్గు పెట్టాలనిపిస్తే పాపను నిటారుగా కూర్చోబెట్టుకుని, చెంచాతో, పాప నోరు తెరిచినప్పుడే పెట్టమనండి. ఆమె చేతి ముద్ద పాపకు అలవాటు కావడం మంచిదే. వేళ్లతో మెదిపే పని ఆమెకే అప్పజెప్పి చూడండి.

ఓకరించడానికీ గొంతులో ఇరుక్కోవడానికీ తేడా ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. ఓకరించే పిల్ల చప్పుడు చేస్తుంది. దగ్గుతుంది, ఏడుస్తుంది, ముఖం ఎర్రబడుతుంది. గొంతులో ఇరుక్కున్న పిల్ల దగ్గర చప్పుడు ఉండదు. నోరు తెరుచుకుని ఉంటుంది, ఏడుపు రాదు, పెదవులు, చిగుళ్లు నీలంగా మారతాయి. పొలమారితే ఎవరో తలచుకున్నారంటూ మాడు మీద తట్టడం మనకు అలవాటు. గట్టిగా దగ్గుతున్న పిల్లను దగ్గనివ్వండి, అంతకంటే మంచి మందు లేదు. చప్పుడు ఆగిపోతే మాత్రం వెంటనే పాపను మీ ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి, దవడను పట్టుకుని, భుజాల మధ్య వీపు మీద అరచేతి కింది భాగంతో 5 సార్లు చరవాలి. ఆ తర్వాత వెల్లకిలా తిప్పి, ఛాతీ మధ్య ఎముక మీద, రెండు చనుమొనలను కలిపే గీతకు కొంచెం కింద, 5 సార్లు నొక్కాలి. వస్తువు బయటపడేదాకా ఒకదాని తర్వాత ఒకటి చేస్తూనే ఉండాలి. ఈలోపు ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. కంటికి కనిపించని దాని కోసం నోట్లో వేలు పెట్టి వెతకొద్దు, ఇంకా లోపలికి పోతుంది.

డాక్టరుకు వెంటనే చూపించాల్సిన సందర్భాలూ ఉన్నాయి. పాలు తాగిన ప్రతిసారీ దగ్గడం, తాగాక గొంతులో గరగరమని తడి చప్పుడు రావడం, తాగుతూ చెమటలు పట్టడం, పెదవులు నీలం తిరగడం, పాలు తరచూ ముక్కులోంచి రావడం, మాటిమాటికీ నిమోనియా రావడం, బరువు ఆగిపోవడం. మింగిన ముద్ద కొంతసేపటికి అట్లాగే తిరిగిరావడం మొదలైనా ఆలస్యం చేయొద్దు. మీ పాపలో వీటిలో ఒక్కటి కనిపించినా వరంగల్ ఎంజీఎం పిల్లల విభాగానికి గానీ, మీరు చూపించుకునే పిల్లల డాక్టర్ దగ్గరికి గానీ తీసుకెళ్లండి. పుట్టినప్పటి డిశ్చార్జి కాగితాలు మరిచిపోవద్దు. ఇవేవీ లేకపోయినా, నిటారుగా కూర్చోవడం వచ్చి, నేను చెప్పినట్టు రోజూ పెడుతున్నా, నిజమైన లెక్కలో పదో నెల వచ్చేసరికి మెదిపిన అన్నం కూడా మింగలేకపోతుంటే స్పీచ్ థెరపిస్టుకు చూపించాలి. ఆర్‌బీఎస్‌కే పథకం కింద పిల్లల ఎదుగుదల సమస్యలను ఉచితంగా చూస్తారు, మీ ఊరి ఆశ కార్యకర్తను అడిగితే దారి చెబుతుంది.

ఇక బతుకమ్మ. వెళ్లండి, టెన్షన్ పెట్టుకోవద్దు. కానీ సద్దుల రోజు ఒళ్లో ఉన్న పిల్ల నోట్లో ప్రేమగా పెట్టేవన్నీ సరిగ్గా పెట్టకూడనివే. సత్తుపిండి, నువ్వుల పొడి పొడిగా నోట్లో పడితే ఊపిరితో పాటు లోపలికి పోతాయి. పల్లీలు, మక్క గింజలు, శనగ గుగ్గిళ్లు, కొబ్బరి ముక్క నాలుగైదేళ్లు వచ్చేదాకా దగ్గరికి రానివ్వొద్దు. పల్లీ గింజ సరిగ్గా చంటిపిల్ల ఊపిరి గొట్టానికి మూత పెట్టినంత ఉంటుంది. గొంతు చిన్నదని అత్తమ్మ అన్న మాట ఇక్కడ మాత్రం అక్షరాలా నిజం. మలీదలో బెల్లం ఉంటుంది కాబట్టి వచ్చే బతుకమ్మకు పెడదామని చెప్పండి. అక్కడికి వెళ్లగానే మీ అమ్మగారికి, పెద్దమ్మలకు, పిన్నమ్మలకు ఒక్క మాట ముందే చెప్పేయండి: పాపకు ఏదైనా నా చేతికిచ్చి పెట్టించండి అని. ఎవరూ చిన్నబుచ్చుకోరు. పాటలు పాడుతూ ఆడేటప్పుడు పాపను ఎత్తుకున్నవాళ్లు ఎవరైనా సరే, ఆ కాసేపు నోట్లో ఏమీ పెట్టొద్దు. నడుస్తూ, ఊగుతూ, నవ్వుతూ ఉన్నప్పుడే ఎక్కువగా పొలమారుతుంది.

అందరూ తింటుంటే తన చేతిలో ఏమీ లేదని పాప గోల చేస్తే, ఆ రోజుల్లో సీతాఫలాలు వస్తాయి కదా, బాగా పండినది తీసుకోండి. గుజ్జు గిన్నెలోకి తీసి, గింజలన్నీ ఏరి, చెంచాతో కొద్దికొద్దిగా పెట్టండి. మెత్తగా, కొంచెం పలుకుగా ఉంటుంది, ఇప్పుడు పాప నేర్చుకోవాల్సింది సరిగ్గా అదే. గింజలు అయిపోయాయని అనుకున్నాక ఒకసారి వేళ్లతో గిన్నె అడుగు దాకా తడిమి చూడండి. ఒకటో రెండో దొరుకుతాయి.